బోరుకొచ్చిన బండి

నజ్మాలో మా ఇంటి ముందు పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే వెనకాల నీలంపొగ. వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఇంజనాయిలు తాగేస్తోంది. నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియని నెల అది. ఒక గ్యారేజీలో చూపిస్తే, పాత ఇంజను తెచ్చి బిగించాలి, నాలుగు వేల రియాళ్లన్నారు. చివరికి, మనవాళ్లు సనయ్యా అని పిలిచే దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక బెజవాడ మెకానిక్కుని పట్టుకున్నాను.

ఆయన 1980ల్లో ఆటోనగర్లో అంబాసిడర్ల మీద పని నేర్చుకున్నారు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపారాలో తయారుచేసిన ఆ కారు 2014 దాకా నడిచింది. లైసెన్సుల కాలంలో కొత్త కారంటే ఏళ్ల తరబడి ఎదురుచూపులు, విదేశీ కార్ల మీద ఆంక్షలు. అరిగిన ఇంజనుని పారేసే ప్రశ్నే లేదు. ఆ 1489 సీసీ ఇంజనుది పోతయినుము దిమ్మ. "బోరుకొచ్చింది" అంటే సిలిండర్లు తొలిపించి, అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై పెద్దవైన పిస్టన్లు వేసేవారు. మళ్లీ అరిగితే నలభై. ఆపైన స్లీవులు దించి మళ్లీ మొదటి సైజు. ఒక్క ఇంజను మూడు నాలుగు జన్మలెత్తేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, 1991 సంస్కరణల తర్వాత ఆ కరువు తీరింది.

"మరి దీనికీ బోరింగు చేయిద్దామా అన్నా?"

"కుదరదు సార్. అల్యూమినియం దిమ్మ, లోపల పల్చటి స్లీవు. పెద్ద సైజు పిస్టన్లు దొరకవు. అయినా ముందు కొలిచి చూద్దాం."

హెడ్డు దించి, ఒక్కో సిలిండరుని పైన, మధ్యన, కింద బోర్‌గేజితో కొలిచారు. అరుగుదల హద్దులోనే ఉంది. పిస్టన్లు బయటికి తీస్తే తేలింది అసలు సంగతి: మసి పేరుకుని ఆయిల్ రింగులు గాడుల్లోనే అతుక్కుపోయాయి. గాడులు, ఆయిలు వెనక్కి పోయే రంధ్రాలు శుభ్రం చేశారు. కొత్త రింగులు, బేరింగులు, గాస్కెట్లు వేశారు. వాల్వుల్ని పేస్టుతో రుద్ది కూర్చోబెట్టారు. మొత్తం పదమూడు వందల రియాళ్లు. పొగ పోయింది.

ఈ విద్యని పుట్టించింది కరువు. ఆ కరువు మళ్లీ రావాలని ఎవరం కోరుకోం. కానీ పారేసే ముందు కొలిచి చూడాలన్న బుద్ధి ఆ కరువులోంచే వచ్చింది. కొలవకుండానే నాలుగు వేలు చెప్పిన గ్యారేజీలో అది లేదు.

"మీ అబ్బాయికి ఈ పని వచ్చా?" అని అడిగాను.

"వాడు కంప్యూటర్లు చదివాడు సార్. ఈ పనిలోకి ఎందుకు? మీ ఆఫీసులో ఏమన్నా ఉంటే చూడండి," అన్నారు.

చూస్తానన్నాను. నా కాంట్రాక్టు సంగతి మాత్రం చెప్పలేదు.