వెబ్ టెలిస్కోప్: అందరూ కలిసి వేసుకున్న ప్రణాళిక, అందరికీ అందిన ఫలితం

మన సూర్యుడు కాకుండా ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను ఎక్సోప్లానెట్లు అంటారు. వాటి వాతావరణంలో ఏ వాయువులు ఉన్నాయో తెలుసుకోవడానికి జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌ను ఎలా వాడాలి? అది నింగికి ఎగరకముందే వివిధ దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నారు.

ట్రాన్సిట్ అంటే ఏమిటి?

గ్రహం తన నక్షత్రానికీ మనకూ మధ్యగా వెళ్లడమే ట్రాన్సిట్. వీధి దీపం ముందు నుంచి దోమ వెళ్లినట్టు, నక్షత్రం వెలుగు కాస్త తగ్గుతుంది. అందులో కొంత వెలుగు గ్రహం చుట్టూ ఉన్న వాతావరణం గుండా వస్తుంది. ఒక్కో వాయువు వెలుగులోని ఒక్కో రంగును మింగేస్తుంది. ఏ రంగు ఎంత తగ్గిందో చూస్తే అక్కడ ఏ వాయువు ఉందో తెలుస్తుంది.

ప్రణాళిక ఎందుకు అవసరం?

ట్రాన్సిట్ మన కోసం ఆగదు. వాస్ప్-39బి అనే గ్రహం సుమారు 4 రోజులకోసారి తన నక్షత్రాన్ని చుట్టి వస్తుంది. ట్రాన్సిట్ మూడు గంటల లోపే ముగుస్తుంది. దానికి ముందు, తర్వాత నక్షత్రం మామూలు వెలుగునూ కొలవాలి కాబట్టి ఒక్కసారి చూడటానికి 8 గంటలకు పైనే పట్టింది. పైగా వెబ్ తన వేడి కవచాన్ని ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంచాలి. అందుకే ఆకాశంలో ఏ భాగమైనా ఎప్పుడు పడితే అప్పుడు కనిపించదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సాధారణంగా టెలిస్కోప్ సమాచారం ఏడాది వరకూ దాన్ని అడిగిన బృందం చేతుల్లోనే ఉంటుంది. కొత్త పరికరంలోని లోపాలు ఒక్కో బృందం విడివిడిగా కనిపెట్టుకుంటూ పోతే విలువైన గంటలు వృథా అవుతాయి.

కలిసి వేసిన అడుగు

2016లో కొందరు పరిశోధకులు పరీక్షకు అనువైన 12 గ్రహాల జాబితా ప్రచురించారు. ఒకే గ్రహాన్ని వేర్వేరు పరికరాలతో చూసి ఫలితాలు పోల్చుకోవాలన్నది వారి సూచన. మేఘాలు అడ్డొస్తాయేమో ముందే చూసుకోవాలనీ చెప్పారు. 2017 నవంబర్‌లో ఎంపికైన 13 తొలి కార్యక్రమాల్లో ఈ బృందానిది ఒకటి. నటాలీ బటాల్హా, జేకబ్ బీన్, కెవిన్ స్టీవెన్సన్ దీనికి సారథులు. దాదాపు 80 గంటల సమయం దక్కింది. సమాచారం వచ్చిన వెంటనే అందరికీ తెరిచి ఉంచాలన్నది ఒక షరతు.

2018లో జరగాల్సిన ప్రయోగం 2021 డిసెంబర్ 25కి జరిగింది. తేదీ మారడంతో ఎంచుకున్న గ్రహాలనూ మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఏం తేలింది?

2022 జూలైలో వాస్ప్-39బిని పరిశీలించారు. ఇది సుమారు 700 కాంతి సంవత్సరాల దూరంలో, 900 డిగ్రీల సెల్సియస్ వేడితో ఉండే వాయు గ్రహం. ఒకే సమాచారాన్ని నాలుగు వేర్వేరు పద్ధతుల్లో లెక్కగట్టి సరిచూశారు. ఆ ఏడాది ఆగస్టులో అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఉందని ప్రకటించారు. ఎక్సోప్లానెట్‌పై ఈ వాయువు స్పష్టంగా దొరకడం అదే మొదటిసారి. తర్వాత సల్ఫర్ డయాక్సైడ్ కూడా బయటపడింది. నక్షత్రం వెలుగు వల్ల అక్కడ రసాయన చర్యలు జరుగుతున్నాయని దీంతో తేలింది.

లోపాలూ దాచలేదు. నక్షత్రం వెలుగు ఎక్కువై ఒక పరికరం కొన్ని రంగుల దగ్గర నిండిపోయిందని బహిరంగంగానే రాశారు. తర్వాత టెలిస్కోప్ సమయం కోరేవారికి అది పాఠమైంది.

హైదరాబాద్‌కు కొత్త కాదు

ఆకాశాన్ని పంచుకుని పనిచేయడం మన ప్రాంతానికి తెలిసిన పనే. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో టెలిస్కోప్ పెట్టి నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశారు. తర్వాత నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. వివిధ దేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేసినప్పుడు, తన వాటాకు వచ్చిన భాగాన్ని ఫొటోలు తీసి, కొలిచి, ప్రచురించింది.

ఇప్పుడు వెబ్ తొలి పరిశీలనలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫిజిక్స్, కంప్యూటర్ కోడింగ్ నేర్చుకునే అబ్బాయైనా, అమ్మాయైనా శాస్త్రవేత్తలు వాడిన అదే సమాచారాన్ని దించుకుని లెక్కలు వేసుకోవచ్చు. దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు.