కండరాల్లో మొదలై ఖూన్ దాకా

మా ఖాలాజాన్ జడ వేసుకోవడం మానేసింది. చేతులు పైకి లేచేవి కావు. సజ్దా నుంచి లేవాలంటే పక్కన కుర్చీ ఉండాల్సిందే. 'ఉమర్ కా తకాజా' అని సరిపెట్టుకున్నాం. మాలిష్ చేశాం. కొన్ని నెలలకి మెడలో గడ్డ తేలింది. లింఫోమా, అంటే ఖూన్ కేన్సర్లలో ఒకటి. ఆ కండరాల వాపు దాని పైగామేనని డాక్టర్ సాబ్ అన్నాక, ఈ రిష్తాని మొదట కనిపెట్టిందెవరో అని వెతకడం మొదలుపెట్టాను.

రెండు మర్జ్‌లకీ తారీఖ్ వేర్వేరుగా నడిచింది. 1832లో లండన్‌లో థామస్ హాడ్జ్‌కిన్, గ్రంథులూ తిల్లీ ఉబ్బి చనిపోయినవాళ్ల గురించి రాశాడు. 1845లో ఎడిన్‌బరోలో బెన్నెట్, బెర్లిన్‌లో విర్కో ఒకే వింత చూశారు: ఖూన్ తెల్లబడటం. బెన్నెట్ దాన్ని చీము అనుకున్నాడు. విర్కో కాదన్నాడు. రెండేళ్లకి దానికి లుకేమియా అని పేరు పెట్టాడు, గ్రీకులో 'తెల్ల ఖూన్' అని మతలబు.

కండరాల కథ 1863లో జర్మనీలో వాగ్నర్‌తో మొదలైంది. చర్మం మీద మచ్చలు కూడా వచ్చే రకానికి 1891లో ఉన్‌వెరిక్ట్ డెర్మటోమయోసైటిస్ అని నామ్‌కరణ్ చేశాడు. మరో పాతికేళ్లకి, 1916లో, ఈ మర్జ్ ఉన్నవాళ్లలో కడుపు కేన్సర్ కూడా కనిపించిందని జర్మనీ నుంచే రాశారు. ఇత్తెఫాకా, రిష్తానా? ఆ బహస్ దశాబ్దాలు సాగింది.

తేల్చింది రిజిస్టర్లే. 2001లో స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ రికార్డులన్నీ కలిపి చూస్తే 618 మంది డెర్మటోమయోసైటిస్ మరీజుల్లో 198 మందికి కేన్సర్ ఉంది. వారిలో 115 మందికి అది కండరాల మర్జ్ తర్వాతే బయటపడింది. చర్మం జోలికి రాని పాలీమయోసైటిస్‌లో 914 మందిలో 137 మందికి. ఈ రెండో రకంలో అన్నిటికన్నా ఎక్కువ ఖత్రా కనిపించింది నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాకే, అంటే ఖాలాజాన్ మర్జ్ ఖాన్‌దాన్‌కే. మొదటి సాలే ఎక్కువ నాజుక్. బాద్షాల జంగులే తారీఖ్ అని స్కూల్లో చదివాం, రోగుల రిజిస్టర్లు కూడా తారీఖేనని ఎవరూ చెప్పలేదు. ఆ ముల్కుల మీద నాకు రష్క్.

కేన్సర్ మీద లేచిన జిస్మ్ ఫౌజే సొంత కండరాలనీ దుష్మన్ అనుకుంటుందని ఒక ఖయాల్. ఘబ్రాయించకండి, పైన లెక్కల్లోనే చూడండి, ఎక్కువమందికి కేన్సర్ లేదు. ఒళ్లు నొప్పులకి వేరే సబబులు బోలెడు. కానీ నొప్పికన్నా కమ్‌జోరీ ముఖ్యం: మెట్లెక్కలేకపోవడం, చేతులు ఎత్తలేకపోవడం, కనురెప్పల మీద ఊదారంగు. అప్పుడు మాలిష్ ఆపి, ఖూన్ పరీక్షలో సీకే చూడమని అడగండి.

మొన్న ఈద్‌కి వెళితే, కీమోకి ఊడి మళ్లీ వచ్చిన పొట్టి జుట్టుకి ఖాలాజాన్ మెహందీ పెట్టుకుంటోంది, తన చేతులతోనే.