చుక్కల అక్షరములు

ముగ్గు వేయువారు మొదట చుక్కలు పెట్టి, పిమ్మట వానిని గీతతో కలుపుదురు. చుక్కల అక్షరములో ఆ రెండవ పనిని చూచువాని కన్నే చేయును. కొంత దూరమునుండి చూచినపుడు చుక్కల మధ్యనున్న ఎడము కంటికి అందదు గనుక, అవి గీతవలె కనిపించును.

ఈ సంగతిని ఒక మహానగరమునకు చూపినది న్యూయార్కులోని టైమ్స్ భవనము. 1928 నవంబరు 6వ తేదీ రాత్రి, హూవరు అధ్యక్షుడుగా ఎన్నికైన వార్త ఆ భవనము చుట్టును దీపాక్షరములలో పరుగెత్తినది. ఫ్రాంక్ రైలీ రూపొందించిన ఆ పట్టీలో 14,800 బల్బులుండెను. నిజమునకు ఏ బల్బును కదలలేదు. లోపల అక్షరపు ముక్కలను చట్రములలో పేర్చి, గొలుసుపై నడిపించెడివారు. అక్షరము తాకినచోట విద్యుద్వలయము పూర్తియై, దానికి చెందిన దీపము వెలిగెడిది. అక్షరము ముందుకు జరుగగానే ఆ దీపమారి ప్రక్కది వెలిగెడిది. అచ్చుపనివాని పేర్పును, విద్యుత్తును ఇంత ముచ్చటగా జతచేసిన యంత్రములు అరుదు.

మరుసటి యేడే, 1929లో, జర్మనీలో రుడాల్ఫ్ హెల్ అక్షరమును చుక్కలుగా విడగొట్టి తీగపైనను, రేడియోపైనను పంపు యంత్రమునకు పేటెంటు పొందెను. టెలిప్రింటరులో ఒక సంకేతము చెడినచో ఒక అక్షరమునకు బదులు వేరొకటి పడును. చదువువానికి ఆ తప్పు తెలియకనే పోవచ్చును. హెల్ యంత్రములో చెడునది ఒకటి రెండు చుక్కలే. అక్షరము మసకబారునే గాని మారదు.

తరువాతి యంత్రములలో ఎక్కువగా స్థిరపడిన కొలత అడ్డమున 5, నిలువున 7. మొత్తము 35 చుక్కలు. ప్రతి చుక్కకును ఉండుట, లేకుండుట అను రెండు స్థితులే గనుక, 35 రెండ్లను గుణించగా 3,435 కోట్లకు పైగా ఆకృతులు సాధ్యము. ఇంగ్లీషుకు వానిలో నూరు చాలును! 1968లో జపానులోని ఓకి, 1970లో అమెరికాలోని సెంట్రానిక్స్ సంస్థలు సూదుల ప్రింటర్లను తెచ్చినవి. సూది సిరా రిబ్బనుపై కొట్టగా కాగితముపై చుక్క పడును. 7 సూదులే ఉన్న యంత్రములు జీ, పీ, వై వంటి చిన్న అక్షరముల తోకలను క్రిందికి దింపలేక, అక్షరమునే పైకెత్తి కూర్చుండబెట్టెడివి. 9 సూదులు వచ్చిన పిదప గాని ఆ తోకలకు చోటు దొరకలేదు.

తోకకే చోటు లేనిచో 'స్త్రీ' యను మన అక్షరము గతి ఏమి? పైన గుడిదీర్ఘము, నడుమ సకారము, క్రింద తవత్తు, దాని చెంత క్రావడి. వీనినన్నిటిని 7 వరుసలలో ఇమిడ్చబూనినచో మిగులునది నల్లని మరక. పైగా ఆ ప్రింటర్ల జ్ఞాపకములో నిలువచేసినవి ఇంగ్లీషు రూపములు. అందుచే తెలుగును కంప్యూటరే బొమ్మగా మార్చి, చుక్క చుక్కగా పంపవలసివచ్చినది. 1980 దశకమున కాన్పూరు ఐ.ఐ.టీ.లో ఆరంభమై, 1988లో పుణేలోని సీ-డాక్ కు చేరిన జిస్ట్ కృషివలన పీ.సీ. తెరపై భారతీయ లిపులు కనిపించినవి. 24 సూదుల ప్రింటర్లతో కాగితముపైని వత్తులు తేటపడినవి. ఈ ఆలస్యమును లిపి లోపముగా నెంచుట సరికాదు. గడుల లెక్క ఇంగ్లీషును చూచి వేసినది.

నేడు తెరలకు గాని, ప్రింటర్లకు గాని చుక్కల కరవు లేదు. అయినను పాతయంత్రపు రూపుకొరకు చుక్కల ఫాంటులను కోరి గీయుచున్నారు. గోడపత్రికలు, గడియారపు అంకెలు, శీర్షికలు వీనికి తగిన చోట్లు. పుటలకొద్ది చదువవలసిన రచనకు ఇవి పనికిరావు. చిన్న పరిమాణములో చుక్కలు అలుకుకొనిపోవును, కన్ను అలయును. ఇందొక వింత కలదు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరమునకు 5, 7 గడిలో 18 చుక్కలు చాలును. వానినే ఫాంటుగా గీయునపుడు 18 వృత్తములు. ఒక్కొక్కటి సాధారణముగా 4 వంపులు గనుక మొత్తము 72. మామూలు 'ఏ'కు కొద్దిపాటి తిన్నని గీతలతో సరి. పొదుపుకై పుట్టిన అక్షరము ఇప్పుడింత ఖర్చుదారియైనది.

తెలుగున ఇట్టి ఫాంటు గీయదలచువారు మొదట 'స్త్రీ'కి ఎన్ని వరుసలు కావలెనో తేల్చుకొని, ఆ పిదప 'అ' మొదలిడవలెను. గళ్ళ కాగితము, పెన్సిలు ఉన్నచో విద్యార్థులు ఒక పీరియడులో దీనిని పరీక్షించవచ్చును. 16 వరుసలతో ఆరంభించుట మేలు.