పెళ్ళి పందిట్లో సన్నాయి, డీజే: కొంత చరిత్ర

ముహూర్తం, మండపం, వంటవారు కుదిరిన తరువాత ఈ రోజుల్లో పెళ్ళివారింట తప్పక వచ్చే చర్చ ఒకటున్నది. సన్నాయి మేళం పెట్టించాలా, డీజే పెట్టించాలా? మేళం లేనిదే పెళ్ళేమిటని తాతగారు అంటారు. డీజే లేకపోతే స్నేహితులు నవ్వుతారని మనుమడు అంటాడు. డబ్బు లెక్క చూసుకోవలసిన తండ్రి ఇద్దరి మధ్యా నలిగిపోతాడు. పరాయి ప్రాంతంలో స్థిరపడిన మన కుటుంబాలలో ఈ తగవు మరికాస్త గట్టిది. ఏమంటే, మేళాన్ని చాలాచోట్ల ఊరినుండి రప్పించాలి. తగవు తీర్చే పెద్దరికం మాకు లేదు గాని, ఈ రెండూ మన పందిళ్ళలోకి ఎట్లా వచ్చినవో తెలిస్తే తీర్పు ఎవరికి వారే చెప్పుకోవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పెళ్ళి మేళమంటే ఒక సన్నాయి, దానికి ఆధారంగా శ్రుతి, ఒక డోలు, తాళం. సన్నాయి ఆరుబయట ఊదడానికి పుట్టిన వాద్యం. గుడి ప్రాకారం దాటి వీధి చివరిదాకా వినపడటం దాని గుణం. డోలును ఒక పక్క కఱ్ఱతో, రెండో పక్క వేళ్ళతో వాయిస్తారు. దేవాలయంలో మేలుకొలుపు మొదలు పవళింపు దాకా ఏ సేవకు తగిన సంగీతం ఆ సేవకు ఉన్నట్లే, పెళ్ళిలోనూ మంగళస్నానానికి, ఎదురుకోలుకు, తలంబ్రాలకు, అప్పగింతలకు వేరువేరు వరుసలున్నవి. పురోహితుడు చెయ్యి ఎత్తగానే గట్టిమేళం. ఆ క్షణంలో తుమ్ము గాని, అశుభపు మాట గాని వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు చెప్పే కారణం.

ఈ సంగీతం మనవలెనే వలస వెళ్ళింది, వలస వచ్చింది. త్యాగరాజస్వామి (1767–1847) తంజావూరు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. వారి తెలుగు కీర్తనలను తమిళనాటి నాదస్వర విద్వాంసులు నేటికీ ప్రతి పెళ్ళిలోనూ ఊదుతున్నారు. షేక్ చినమౌలానాగారు 1924లో ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, చిలకలూరిపేట ఆదంసాహెబుగారి వద్ద నేర్చి, తంజావూరు బాణీ మీది మక్కువతో తమిళనాడు చేరి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు పొంది 1999లో కీర్తిశేషులైనారు. ఆ పరంపరకే చెందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. హిందువుల పెళ్ళికి, దేవుని ఊరేగింపుకు ముస్లిం విద్వాంసుడు మంగళం పలికించటం గుంటూరు, ప్రకాశం జిల్లాలవారికి వింత గాదు. ఇక మేమున్న ఒడిశాలో మహురి, డోలు కలిసిన ఒక వాద్యబృందాన్ని ఒడియా సోదరులు ‘తెలింగి బాజా’ అంటారు. పేరులోనే మనవారి గుర్తు ఉన్నది. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలోనే ఉన్నదని గుర్తుంచుకుంటే ఈ రాకపోకల సంగతి సులువుగా బోధపడుతుంది.

ఆ రాకపోకలను పెంచినది రైలు. 1893–96 మధ్య బెజవాడ నుండి కటకం దాకా ఈస్టు కోస్టు రైలుమార్గం పడింది. దాని వెంట ఖుర్దారోడ్డు వంటి జంక్షన్లకు మనవారు పనులకై వచ్చి కాపురాలు పెట్టారు. పలాస, ఇచ్ఛాపురం వైపునుండి మేళగాళ్ళు డోలును గుడ్డలో చుట్టి రైలెక్కి వచ్చేవారు. సన్నాయి వినపడితే ఫలానా క్వార్టర్సులో తెలుగువారి పెళ్ళి అని కాలనీ అంతా తెలిసేది. ఆ ధ్వని మన చిరునామా అన్నమాట.

అయితే మేళానికి పోటీ డీజేతోనే మొదలైందనుకోవటం సరిగాదు. మొదటి పోటీ బ్యాండు. దొరల పటాలాల బ్యాండును చూసి జమీందారులు, సంస్థానాధీశులు తామూ బ్యాండ్లు పెట్టుకున్నారు. క్రమంగా క్లారినెట్టు, బాకా, పెద్ద డ్రమ్ము ఊరేగింపులకు దిగినవి. జలతారు కోట్ల ముందు సన్నాయి చిన్నబోయింది. తరువాత యంత్రం వచ్చింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేశారు. నాటి ప్లేటు మూడు నిమిషాలే మ్రోగేది. దానికి మైకు తోడైన తరువాత పందిరి గుంజకు బూర కట్టి సినిమా పాటలు వేయటం పెళ్ళి హోదాకు గుర్తయింది. ఆనాటి పెద్దలు దాన్నీ తిట్టారు. నేటి తాతగార్లు ఆ మైకుసెట్టు పాటలనే ఆప్యాయంగా తలుచుకుంటున్నారు! పిమ్మట క్యాసెట్టు, ఆపైన సీడీ, ఇప్పుడు కంప్యూటరు. డీజే అంటే డిస్క్ జాకీ. ఆ పేరు మొదట అమెరికాలో రేడియోలో రికార్డులు వేసేవారిది. ఒకడే మనిషి వేల పాటలు, నాలుగు పెద్ద పెట్టెలు తెచ్చి, పిల్లలచేత పెద్దలచేత కూడా చిందులు వేయిస్తాడు. అందులోనూ నేర్పున్నది, ఏ పాటకు జనం లేస్తారో ఎరగనివాడు ఆ పనికి పనికిరాడు.

మరి తేడా ఎక్కడ? మా మట్టుకు తోచినది ఇది. సన్నాయి విద్వాంసుని కన్ను పురోహితుని చేతి మీద ఉంటుంది. మంత్రం సాగితే రాగం సాగుతుంది. తాళిబొట్టు ముడి ఆలస్యమైతే డోలు ఆగదు. అప్పగింతలలో తల్లి కంట నీరు తిరిగితే ఊదేవాడు గొంతు తగ్గిస్తాడు. రికార్డు తన లెక్క ప్రకారం మొదలై తన లెక్క ప్రకారం ముగుస్తుంది. సెల్లుఫోనులో సన్నాయి పెట్టి మైకు దగ్గర ఉంచితే ధ్వని వస్తుంది గాని, గట్టిమేళం అన్నప్పుడు మీట ఎవరు నొక్కాలని వెతుక్కోవలసి వస్తుంది. ఆటపాటలకు ఈ లోపం లోపమే కాదు. ముహూర్తానికి మాత్రం పెద్ద లోపం.

ఇక్కడ చేదుగా ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. తెలుగునాట సన్నాయి, డోలు ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాల విద్య. మంగళవాద్యం అని వాద్యానికి పేరు పెట్టిన సమాజం వాయించేవారిని పందిరి అంచున కూర్చోబెట్టింది. అందరి భోజనాలయ్యాక విస్తరి వేసిన పందిళ్ళెన్నో. ఏళ్ళ తరబడి సాధన చేసి నేర్చిన విద్యకు పెళ్ళిళ్ళు లేని నెలలలో కూడు పుట్టదు. కొడుకు వేరే ఉద్యోగం చూసుకుంటే తప్పు ఎవరిది? డీజే వచ్చి మేళాన్ని చంపింది అనటం తేలిక. మర్యాద తక్కువై, కూలి చాలక కూడా మేళం సన్నగిల్లిందనటం న్యాయం.

చట్టం మాట కూడా ఎరిగి ఉండాలి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు కూడదు. సుప్రీంకోర్టు 2005 జూలైలో దీన్ని గట్టిగా బలపరచింది. ఈ రాత్రి నిషేధం వాద్యాలకూ వర్తిస్తుంది గనుక, అర్ధరాత్రి ముహూర్తం పెట్టుకున్నవారు మూసిన హాలు చూసుకోవటం మంచిది. పక్కింట పరీక్షకు చదివే పిల్ల, మంచాన ఉన్న ముసలమ్మ ఉంటారని చట్టం చెప్పకపోయినా మనకు తెలియాలి గదా.

కాబట్టి మా మనవి ఇంతే. సాయంకాలపు విందుకు పిల్లల ముచ్చట తీర డీజే పెట్టించండి, తొమ్మిదిన్నరకు ముగించండి. ముహూర్తపు రెండు మూడు గంటలకు మాత్రం మనుషులు ఊదే సన్నాయిని పిలవండి. ఊరినుండి రప్పించే ఖర్చు ఎక్కువైతే ఒకే లగ్నాల కాలంలో పెళ్ళిళ్ళున్న రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకే బృందాన్ని మాట్లాడుకోవచ్చు. ఆ జాబితా మన సంఘం వారు ఉంచితే మేలు. వచ్చినవారికి తిరుగు టిక్కెట్టు ముందే చేతిలో పెట్టండి, మొదటి పంక్తిలో విస్తరి వేయండి, వారి పేరు శుభలేఖలో అచ్చు వేయించండి. డీజే ఎప్పుడు కావలసినా దొరుకుతుంది. సన్నాయి ఇప్పుడు పిలిచేవారుంటేనే మన మనుమల పెళ్ళిళ్ళకు దొరుకుతుంది. ఈ ఉగాది తరువాత రాబోయే లగ్నాలలో మన ఇళ్ళ ముందు గట్టిమేళం మ్రోగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.