పేర్లు చెక్కిన రాళ్ళు: కలకత్తా జాదూఘర్‌లో భర్హుత్ వేదికతో ఒక రోజు

తన శిల్పాల పక్కన తానే పేర్లు చెక్కుకొన్న ప్రాచీన బౌద్ధ కట్టడాలలో భర్హుత్ స్తూపానిది మొదటి వరుస. సాంచి మహాస్తూపం మీద దాతల పేర్లు వందలకొద్దీ ఉన్నాయి గాని, తోరణాల మీది దృశ్యాలలో ఏది ఏ కథో చెప్పే మాట లేదు. భర్హుత్ శిల్పి మాత్రం కథ చెక్కి ఊరుకోలేదు. దాని పేరు కూడా బ్రాహ్మీ లిపిలో చెక్కాడు, లేదా ఎవరో ఆయన చేత చెక్కించారు. ‘జాతకం’ అన్న మాట ఒక కథాజాతికి పేరుగా మనకు కంటికి కనబడేది క్రీ.పూ. 2వ శతాబ్దపు ఈ ఎర్ర ఇసుకరాతి మీదనే. ఈ పేర్లు ఎవరి కోసం చెక్కారన్న ప్రశ్న నూట యాభై ఏళ్ళుగా పండితులను వదలలేదు. గత శీతాకాలంలో కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఒక రోజంతా గడిపినప్పుడు ఆ ప్రశ్నను మళ్ళీ నా ముందుకు తెచ్చినవాడు పండితుడు కాడు. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే నా బాల్యమిత్రుడు.

ఇండియన్ మ్యూజియంను బెంగాలీలు ‘జాదూఘర్’ అంటారు. 1814లో ఏషియాటిక్ సొసైటీ నీడన, డేనిష్ వృక్షశాస్త్రవేత్త నథానియెల్ వాలిచ్ చొరవతో మొదలైన సంస్థ ఇది. చౌరంగీ మీది ప్రస్తుత భవనంలో 1878లో ప్రజలకు తలుపులు తెరిచింది. ఈజిప్టు మమ్మీని, శిలాజాలను చూడడానికి పిల్లాజెల్లాతో వచ్చే జనం ఎప్పుడూ ఉంటారు. మేమూ మమ్మీని చూశాము. మిత్రుడు దాని ముందు పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. భర్హుత్ గ్యాలరీలో మాత్రం, మధ్యాహ్న భోజనానికి బయటికి వెళ్ళి వచ్చిన వ్యవధి మినహాయిస్తే, సాయంత్రం దాకా ఉన్నాము.

అక్కడ ఉన్నది పూర్తి స్తూపం కాదు. నేటి మధ్యప్రదేశ్ సత్నా జిల్లాలోని భర్హుత్ వద్ద అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1873లో ఈ శిథిలాన్ని గుర్తించాడు. మరుసటి సంవత్సరం బెగ్లార్ సాయంతో తవ్వించాడు. అండం అప్పటికే దాదాపు మాయమైంది. దాని చుట్టూ ఉండిన ప్రాకార వేదికలో మిగిలిన స్తంభాలు, వాటిని కలిపే అడ్డుసూచులు, పైన పరిచిన ఉష్ణీష శిలలు, తూర్పు తోరణం కలకత్తాకు చేరాయి. తోరణస్తంభం మీది శాసనం, శుంగుల రాజ్యకాలంలో ధనభూతి అనే రాజు దానిని చేయించాడని చెబుతుంది. తోరణం మీద అక్కడక్కడ పనివారు పెట్టుకొన్న గుర్తులు ఖరోష్ఠీ అక్షరాలలో ఉన్నాయి. అంటే, శాసనాలు ఈ దేశపు బ్రాహ్మీలో ఉండగా, కూలికి వచ్చిన శిల్పులలో కొందరు వాయవ్య సరిహద్దుల నుండి వచ్చినవారన్న మాట. వీటిని వివరిస్తుంటే మిత్రుడు మర్యాదకు తల ఊపుతున్నాడు. అతని కన్ను అప్పటికే ఒక గుండ్రని ఫలకం మీద పడింది.

అది జేతవన దానఫలకం. కథ మన పాఠకులకు కొత్త కాదు. శ్రావస్తి శ్రేష్ఠి అనాథపిండికుడు బుద్ధుని సంఘానికి ఒక ఉద్యానం ఇవ్వదలచాడు. జేత రాజకుమారుడు, నేలంతా నాణేలు పరిస్తే తప్ప అమ్మనన్నాడు. శ్రేష్ఠి బండ్ల కొద్దీ ధనం తెప్పించి పరిపించాడు. పాళీ సంప్రదాయం నేలకే పద్దెనిమిది కోట్లు లెక్క చెబుతుంది. భర్హుత్ ఫలకం కింది శాసనం కూడా, కోట్లు పరిచి కొన్న జేతవనాన్ని అనాథపిండికుడు దానం చేస్తున్నాడనే అంటుంది. ఆ ఫలకాన్ని నేను విద్యార్థులకు ఎన్నోసార్లు చూపించాను. నేలపై పరిచిన చతురస్రపు బిళ్ళలను చూపి, ఇవి విద్ధాంక నాణేలు, తవ్వకాలలో దొరికే వాటి ఆకారానికి సరిపోతాయి అని చెప్పి ముందుకు కదిలేవాణ్ణి. మిత్రుడు నాణేల కంటే ముందు బండిని చూశాడు.

“ఎద్దుల్ని విప్పేశార్రా. సరుకు దించి వెంటనే వెళ్ళిపోయేవాడు కాడి విప్పడు. లెక్క తేలేదాకా కూర్చునేవాడే విప్పుతాడు.”

శిల్పి చెక్కినది అదే. ఎద్దులు విశ్రాంతిగా పడుకొని ఉన్నాయి. ఇద్దరు మనుషులు నేల మీద కూర్చొని బిళ్ళ పక్కన బిళ్ళ ఆనించి పరుస్తున్నారు. దానకథను పుణ్యకథగా చదివే మనకు అందులో ఒక క్రయవిక్రయం ఉన్నదని గుర్తుండదు. ఈ వేదిక నిర్మాణానికి ధనమిచ్చిన గృహస్థులకు మాత్రం బండి, ఎద్దులు, లెక్క, ఎదురుచూపు నిత్యానుభవం. శిల్పి వాళ్ళకు అర్థమయ్యే భాషలో మాట్లాడాడని ఆనాడు నాకు తోచింది.

తరువాతి ప్రశ్న ఇంకా గట్టిది. ఫలకం మధ్యలో అనాథపిండికుడు కొమ్ముచెంబు వంటి పాత్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. దానం పూర్తి కావాలంటే పుచ్చుకొనేవాని చేతిలో నీరు వదలాలి. తెలుగులో ‘ధారపోయడం’, ‘ధారాదత్తం’ అన్న మాటలు ఆ ఆచారం నుండి పుట్టినవే. మన తామ్రశాసనాలలోని ‘ఉదకపూర్వకం’ అన్న మాటా అదే. మిత్రుడు చాలాసేపు చూసి, “ఆ నీళ్ళు ఎవరి చేతిలో పోస్తున్నాడు?” అన్నాడు.

ఎవరి చేతిలోనూ కాదు. పుచ్చుకొనేవాడు ఫలకంలో లేడు. భర్హుత్‌లో బుద్ధుడు మానుషరూపంలో ఎక్కడా కనిపించడు. ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, చక్రం ఆయన ఉనికిని చెబుతాయి. అజాతశత్రువు మోకరిల్లినదీ ఖాళీ ఆసనం ముందే. జేతవన ఫలకంలో ఆ ఆసనం కూడా లేదు. ఉన్నవి వేదిక కట్టిన ఒక చెట్టు, రెండు కుటీరాలు. కుటీరాల పక్కన వాటి పేర్లు: గంధకుటి, కోసంబకుటి. గంధకుటి బుద్ధుని నివాసమని తెలిసినవారికి ధార ఎవరికో తెలుస్తుంది. తెలియనివారికి అది గుడిసె. నేల ఇంకా కొంటూ ఉండగానే ఆ నేల మీద కట్టబోయే కుటీరం కూడా నిలిచి ఉండడం మరో విశేషం. ఇక్కడ కాలం వరుసగా నడవదు. పుచ్చుకొనేవాని స్థానాన్ని బొమ్మ పూరించలేదు. పక్కన చెక్కిన పేరు పూరించింది.

పేర్ల పని ఇదే అయితే, అవి చదివినవారు ఎవరు? ఆనాటి యాత్రికులలో అక్షరజ్ఞానం ఎందరికి ఉండి ఉంటుంది? శిల్పులకు పనిలో గుర్తుగా పెట్టినవే ఈ పేర్లు అనే వాదం ఒకటి ఉంది. పేరు రాయడమే పుణ్యకార్యమని, చదివేవారుంటారా లేరా అన్నది ముఖ్యం కాదని మరొక వాదం. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు గాని, పేర్ల తీరు చూస్తే అవి నాకు చాలవనిపిస్తుంది. ఇవి వివరణలు కావు, శీర్షికలు. ‘మిగ జాతకం’, ‘నాగ జాతకం’, ‘ఇసిసింగియ జాతకం’. ఆ చివరిది మన ఋష్యశృంగుని కథే. ఇవి ఏమీ తెలియనివానికి ఏమీ చెప్పవు. పైగా ఈ శీర్షికలు ఇప్పటి పాళీ జాతకగ్రంథపు పేర్లతో కొన్నిచోట్ల కలవవు. గ్రంథంలో మహా ఉమ్మగ్గ జాతకంగా ఉన్న మహోసధుని కథ ఇక్కడ ‘యవమఝకియ జాతకం’. అది కథ జరిగిన ఊరి పేరును బట్టి వచ్చిన పేరు. అంధభూత జాతకానికైతే, అందులోని గాథ తొలి మాటలనే పేరుగా చెక్కారు. పద్యం మొదటి మాటలు చెబితే మిగిలినది నోటికి వచ్చేవారే కథలను ఆ విధంగా పిలుస్తారు. మనమూ శతకపద్యాలను మొదటి మాటలతోనే గుర్తు చేసుకొంటాము గదా.

అట్లా పిలిచేవారు ఎవరో భర్హుత్ శాసనాలే చెబుతాయి. దాతలలో గృహిణులు, గృహస్థులు ఉన్నట్లే భిక్షువులూ భిక్షుణులూ ఉన్నారు. భిక్షువులలో కొందరి పేరు పక్కన వారి విద్య కూడా ఉంది: పిటకం తెలిసినవాడు, ఐదు నికాయాలు తెలిసినవాడు, సూత్రాంతాలు తెలిసినవాడు, భాణకుడు. భాణకుడంటే ధర్మాన్ని కంఠస్థం చేసి సభలో పఠించేవాడు. వీరిలో ఇసిపాలితుడనే భదంతుడు నాకు అతి ముఖ్యుడుగా కనిపిస్తాడు. ఆయన దానశాసనం ఆయనను ‘భాణకుడు’ అనీ ‘నవకర్మికుడు’ అనీ రెండు విధాలా చెబుతుంది. నవకర్మికుడంటే కట్టడపు పని మీద పర్యవేక్షకుడు. కథలు నోటితో చెప్పే వృత్తివాడే రాతిపని చేయించే బాధ్యతలో ఉన్నాడు. ఆ కట్టడం మీద కథకు శీర్షిక, గాథకు తొలి మాట చెక్కి ఉండడంలో ఇక ఆశ్చర్యమేముంది? బుద్ధరక్షితుడనే రూపకారుడు, అంటే శిల్పి, తానే దాతగా పేరు చెక్కించుకొన్న చోటు కూడా ఇదే. చెప్పేవాడూ చెక్కేవాడూ ఇద్దరూ ఈ వేదిక మీద పేరుపేరునా ఉన్నారు.

తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలను ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. పటం మీద బొమ్మలు వరుసగా ఉంటాయి. కాకిపడిగెలవారో, కూనపులివారో దాన్ని విప్పి, ఒక్కొక్క గడిని చూపుతూ రాత్రి కథ నడుపుతారు. పటం ఒక్కదాన్నే గోడకు తగిలిస్తే అది అందమైన వస్తువు, కథ కాదు. భర్హుత్ వేదిక చుట్టూ ప్రదక్షిణం చేసే యాత్రికుని పక్కన అటువంటి నోరు ఒకటి ఉండేదని, పేర్లు ముందుగా ఆ నోటి కోసమేనని నేను భావిస్తున్నాను. శాసనం ఇలా సూటిగా చెప్పదు. ఇసిపాలితుని రెండు బిరుదులే నాకు ఆధారం.

ఆ మధ్యాహ్నం అది మా ఇద్దరి మధ్యా జరిగింది కూడా. ‘లటువ జాతకం’ ఫలకం ముందు నేను పేరు మాత్రమే చదివాను. పిట్టపిల్లలను తొక్కి చంపిన ఒంటరి ఏనుగును, ఆ తల్లిపిట్ట, కాకి, ఈగ, కప్ప కలిసి కొండ మీది నుండి పడేలా చేసిన కథ. శిల్పి ఆ ఏనుగును ఒకే చట్రంలో మళ్ళీ మళ్ళీ చెక్కాడు. మిత్రునికి ఆ కథ పంచతంత్రంలో చిన్నప్పుడు చదివినదే. పేరు వినగానే తానే అందుకొని, ఏ ఏనుగు ముందు, ఏది తరువాత అని వేలితో వరుస పెట్టాడు. ఒక బెంగాలీ కుటుంబం మా పక్కన ఆగింది. అతను వచ్చీరాని హిందీలో మొదటి నుండి మళ్ళీ చెప్పాడు.

ఇక స్థలం సంగతి. ఈ రాళ్ళను భర్హుత్ నుండి తరలించడం ఆనాడే వివాదమైంది. పాళీ నిఘంటువు కూర్చిన రాబర్ట్ సీజర్ చిల్డర్స్, ఇందులో విధ్వంసపు వాసన ఉందని, స్టోన్‌హెంజ్‌ను బండ్లకెత్తడం వంటిదని ఆక్షేపించాడు. 1879లో తన గ్రంథంలో కన్నింగ్‌హామ్ బదులిస్తూ, ఆ వాసనను తాను భరిస్తానన్నాడు. ముఖ్యమైన శిల్పాలు దక్కాయని, తాను వదిలి వచ్చిన వాటిలో కదిలించగల ప్రతి రాయినీ ఊరివారు ఇళ్ళ కోసం తీసుకుపోయారని ఆయన సమాధానం. తరువాతి కాలంలో పరిసర గ్రామాలలో దొరికిన భర్హుత్ రాళ్ళు అలహాబాద్ మ్యూజియంలో ఉన్నాయి. కన్నింగ్‌హామ్ మాట అబద్ధం కాదనడానికి అవే సాక్ష్యం. అయినా ఆ సమాధానం నన్ను పూర్తిగా ఒప్పించదు. భర్హుత్ నేల మీద ఇప్పుడు చూడడానికి మిగిలినది అతి స్వల్పం.

గుంటూరువానికి ఈ కథ ఇంకొకటి గుర్తు చేయక మానదు. అమరావతి ఫలకాలు సున్నపు బట్టీల పాలైనవి పోగా, మెకంజీ చేతుల మీదుగా కొన్ని కలకత్తాకు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకూ అక్కడి నుండి లండన్‌కూ వెళ్ళాయి. మిత్రుడు అమరావతికి ఏటా వెళతాడు, అమరేశ్వరుని దర్శనానికి. స్తూపం దిబ్బ దాకా వెళ్ళినది రెండుసార్లేనట. అక్కడి మ్యూజియంలోని ఒక ప్రాచీన స్తంభం మీద కూడా వైశాలి చైత్యాల పేర్లు దృశ్యాల పక్కన చెక్కి ఉన్నాయని చెప్పాను. పేర్లు చెక్కే ఈ పద్ధతి భర్హుత్‌తో ఆగలేదు. కృష్ణాతీరం చేరింది; కర్ణాటకలోని కనగనహళ్ళిలో అశోకునికీ శాతవాహన రాజులకూ కూడా పేర్లు చెక్కేంతగా పెరిగింది.

సాయంత్రం గ్యాలరీ మూసే వేళకు మేము వెదుకుతున్నది ఒక స్తంభాన్ని. దాని శాసనం, విదిశకు చెందిన రేవతిమిత్రుని భార్య చాపదేవి దానమని చెబుతూ, దానిని ‘మొదటి స్తంభం’ అంటుంది. వేదికలో వరుస ఎక్కడ మొదలైందో చెప్పే మాట అది. విడదీసి తెచ్చిన రాళ్ళను తిరిగి నిలబెట్టేవారికి అటువంటి మాట కొండంత ఆధారం. దొరికాక మిత్రుడు, “మరి రెండోది ఎవరిచ్చారు?” అని పక్క స్తంభం మీది అక్షరాల వైపు నడిచాడు.