సీటు బెల్టును వెనుకకు లాగు స్ప్రింగు

కారు దిగునప్పుడు కొక్కెమును విడిచినచో సీటు బెల్టు తనంతట తాను వెనుకకు పోయి చుట్టుకొనును. కొన్నేండ్లు వాడిన కార్లలో అది వెనుకకు పోక, వదులుగా వ్రేలాడుచు, తలుపు సందులో ఇరుకుకొనుట కలదు. చాలమంది దీనిని చిన్న ఇబ్బందిగా ఎంచి ఊరకుందురు. కాని బెల్టు చరిత్రను పరిశీలించినచో, తెగని పట్టీని నేయుట ఎంత ముఖ్యమో, ఆ పట్టీ మనిషి ఒంటిని ఎల్లప్పుడు అంటి యుండునట్లు చేయుటయు అంత ముఖ్యమని తెలియగలదు.

పోవుచున్న బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు నిలుచున్న వారు ముందుకు తూలుదురు. బస్సు ఆగినను వారి శరీరము అదే వేగముతో ముందుకు పోజూచును. న్యూటను 1687లో ప్రకటించిన మొదటి చలన సూత్రమున చెప్పిన జడత్వము ఇదియే. కారు ఢీకొన్నప్పుడు జరుగునదియు ఇదే. గంటకు 50 కి.మీ. వేగముతో పోవు కారు గోడకు తగిలి, ముందుభాగము నలిగి, 50 సెం.మీ. దూరములో సమముగా వేగము తగ్గి ఆగినదనుకొందము. అందుకు పట్టు కాలము సుమారు 0.07 సెకను. ఆ మందగమనము గురుత్వ త్వరణమునకు దాదాపు 20 రెట్లు. అనగా 60 కిలోల మనిషిని కారుతోపాటు ఆపుటకు సుమారు 1200 కిలోల బరువుతో సమానమైన బలము కావలెను. చేతులతో పట్టుకొని ఆగుదమనుకొనుట వట్టి భ్రమ.

ఇప్పుడు ఆ మనిషికి, బెల్టుకు మధ్య 10 సెం.మీ. సందు ఉన్నదనుకొందము. ఆ సందు తీరి బెల్టు బిగియునప్పటికి 0.03 సెకను గడచిపోవును. అప్పటికి కారు వేగము గంటకు 28 కి.మీ.కు పడిపోవును, మనిషి మాత్రము ఇంకను 50 కి.మీ. వేగముతోనే పోవుచుండును. కారు ఆగుటకు పట్టిన కాలములో ఇంచుమించు సగము అతనికి వ్యర్థమైపోయినది. మిగిలిన కొద్ది కాలములో ఆగవలసి వచ్చుటచే దెబ్బ మరింత తీవ్రమగును. విద్యార్థులు చలన సమీకరణములతో ఈ లెక్కను స్వయముగా సరిచూడవచ్చును.

మనిషిని కొక్కెములతో స్థిరమైన వస్తువునకు కట్టివేయు రక్షణ పట్టీకి అమెరికాలో ఎడ్వర్డు క్లాహార్న్ 1885లోనే పేటెంటు పొందెను. అయినను కార్లలోనికి బెల్టు వచ్చుట చాల ఆలస్యమైనది. అమెరికాలో నాష్ కంపెనీ 1949లోను, ఫోర్డు కంపెనీ 1956 నమూనా కార్లలోను నడుము బెల్టును కోరినవారికి అమర్చి ఇచ్చెను. ఈలోగా, గట్టిగా కట్టబడిన శరీరము ఎంత తాకిడిని ఓర్చుకొనగలదో జాన్ పాల్ స్టాప్ అను వైమానికదళ వైద్యుడు తన శరీరముపైననే పరీక్షించెను. 1954 డిసెంబరు 10న ఆయన రాకెట్టు బండిపై గంటకు దాదాపు 1017 కి.మీ. వేగమందుకొని, 1.4 సెకనులలో ఆగెను. ఆ క్షణమున ఆయనపై పడిన మందగమనము గురుత్వ త్వరణమునకు 46 రెట్లు. అయినను ఆయన బ్రతికి బయటపడెను.

కాని నడుము బెల్టు ఒక్కటే చాలదు. నడుము ఆగినను తల, ఛాతీ ముందుకు విసరబడును. స్వీడనులో విమానముల ఎజెక్షను సీట్లపై పనిచేసిన నిల్స్ బోలిన్ 1958లో వోల్వో కంపెనీలో చేరి ఈ చిక్కును విడదీసెను. ఒక పట్టీ భుజము మీదుగా ఛాతీకి అడ్డముగా, మరొకటి నడుము మీదుగా పోయి, తుంటి ప్రక్కన ఒకేచోట కలియును, ఒంటిచేతితో తగిలించుకొనవచ్చును. ఈ మూడు బిందువుల బెల్టు 1959లో వోల్వో కార్లలో వెలువడినది. ఆ పేటెంటును ఇతర కంపెనీలును వాడుకొనుటకు వోల్వో అనుమతించినది.

అయితే ఆనాటి బెల్టు పొడవును ఎవరికి వారు చేతితో సరిచేసికొనవలెను. బిగించినచో ముందున్న మీటలు అందవు; వదులు చేసినచో రక్షణ తగ్గును. విడిచినచో నేలపై పడి మట్టి కొట్టుకొనును. కాలిఫోర్నియాకు చెందిన హంటర్ షెల్డెన్ అను మెదడు శస్త్రవైద్యుడు, తలకు గాయములతో వచ్చు రోగులను చూచి చూచి, తనంతట చుట్టుకొను బెల్టు కావలెనని 1955లోనే అమెరికా వైద్య సంఘ పత్రికలో సూచించియుండెను. 1960ల చివర జడత్వ కండె వాడుకలోనికి వచ్చుటతో ఆ చిక్కు తీరినది.

దీని నిర్మాణము సులభముగనే బోధపడును. నేతగాని కండెకు నూలు చుట్టినట్లు బెల్టు ఒక ఇరుసుకు చుట్టబడి యుండును. గడియారపు స్ప్రింగు వంటి చుట్ల స్ప్రింగు ఇరుసును ఎల్లప్పుడు వెనుకకు త్రిప్పజూచును. మెల్లగా వంగినచో బెల్టు సాగును. వెనుకకు వాలినచో మరల చుట్టుకొనును. కారు వేగము హఠాత్తుగా తగ్గినచో లోపలి చిన్న లోలకము గాని, గుండు గాని ఒరిగి, పళ్ళ చక్రమునకు అడ్డుకొక్కెము పడునట్లు చేయును. బెల్టును విసురుగా లాగినను అది పట్టివేయునట్లు మరియొక ఏర్పాటు కలదు. మనిషిని ప్రమాదమునకు గురిచేయు జడత్వమే ఇచట అతనిని కాపాడు తాళమును వేయుచున్నది.

సౌకర్యము ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణము చాలును. బెల్టు తగిలించనిచో కదలని కార్లను 1974లో అమెరికా ప్రవేశపెట్టగా, ప్రజలు విసుగుచెందిరి. ఆ యేటనే ఆ నిబంధన రద్దయినది. అయినను చట్టములు అవసరమే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1970లో బెల్టు ధారణను నిర్బంధము చేసెను. మన దేశములో 2019 నాటి చట్ట సవరణ బెల్టు పెట్టుకొననివారికి 1000 రూపాయల జరిమానా విధించినది.

బెల్టు వెనుకకు పోకుండుటకు తరచుగా కారణము మురికి. చెమట, దుమ్ము పట్టీపైనను, అది జారు పై వలయములోను పేరుకొని ఘర్షణను పెంచును. ఆ స్ప్రింగు బలము స్వల్పము కనుక ఘర్షణదే పైచేయి అగును. బెల్టును పూర్తిగా బయటకు లాగి, వెనుకకు పోకుండ క్లిప్పు పెట్టి, మెలికలు విప్పి, గోరువెచ్చని సబ్బునీటితో మెత్తని బ్రష్షుతో కడిగి, వలయమును తుడిచి, బాగుగా ఆరనిచ్చినచో చాలసార్లు బాగగును. పట్టీకి నూనె రాయరాదు. బ్లీచింగు ద్రావణము తగలరాదు, అది దారములను బలహీనపరచును.

అప్పటికిని పోనిచో స్ప్రింగు బలహీనమై గాని, కండె చెడి గాని యుండవచ్చును. ఆ పెట్టెను ఇంటివద్ద విప్పరాదు. చుట్టి యున్న స్ప్రింగు ఒక్కసారి ఎగిరి గాయపరచగలదు. అంతేగాక, 1981లో మెర్సిడెస్ బెంజ్ కార్లలో మొదలై నేడు సర్వసాధారణమైన బిగింపు యంత్రములలో చిన్న పేలుడు మందు కూడ ఉండును. నిపుణునిచే కండెతో సహా బెల్టును మార్పించుటయే యుక్తము. తీవ్రమైన ప్రమాదములో పనిచేసిన బెల్టును, అంచులు చిట్లిన బెల్టును మరల వాడరాదు.

వెనుకకు లాగు బలము లేని బెల్టు ఛాతీకి, పట్టీకి మధ్య సందును మిగుల్చును. ఆ సందు 10 సెం.మీ. మాత్రమే కావచ్చును, కాని కారు ఆగు 0.07 సెకనులో 0.03 సెకనును అది మ్రింగివేయును.