నిస్తంత్రి వలల రూపచరిత్ర

రేడియో ప్రసారమున మాటలాడునది ఒక్క కేంద్రము, వినువారు వేలమంది. మన యింటి రేడియో పెట్టెకు చెవి కలదు గాని నోరు లేదు. అందుచే ఒకరి మాటకు మరియొకరి మాట అడ్డు రాదు. ఆ పెట్టెలన్నియు ఒక్కసారి మాటలాడ మొదలిడినచో నేమగును? వానిని ఏ తీరున కూర్చవలెను? ఈ కూర్పునకే శాస్త్రజ్ఞులు టోపాలజీ యని పేరిడిరి. నిస్తంత్రి కంప్యూటరు వలలలో నీ ప్రశ్న మొదట సముద్రమధ్యమున తలయెత్తినది.

హవాయి విశ్వవిద్యాలయపు ప్రధాన కంప్యూటరు హొనలూలూ నగరమున నుండెను. దాని శాఖలును కళాశాలలును ఇతర ద్వీపములలో నుండెను. టెలిఫోను తీగలకు వ్యయ మధికము, నమ్మకము తక్కువ. కావున 1968లో నార్మన్ అబ్రాంసన్ ప్రభృతులు తీగకు బదులు రేడియో తరంగముల నుపయోగింప పూనుకొనిరి. 1971 జూన్ మాసమున ఆ యేర్పాటు పనిచేయ నారంభించెను. దాని పేరు అలోహా.

దానిది నక్షత్రాకృతి. నడుమ మెనెహూనే యను చిన్న కంప్యూటరు. చుట్టును దూరదూరముల టైపు యంత్రములు. హవాయి గాథలలో రాత్రివేళ కట్టడములు నిర్మించు మరుగుజ్జుల పేరది. మీటలపై కొట్టిన పంక్తి, 80 అక్షరములకు మించకుండ, ఒక కట్టగా 407 మెగాహెర్ట్జ్ సమీపమున కేంద్రమును చేరును. జవాబు 413 మెగాహెర్ట్జ్ సమీపమున తిరిగి వచ్చును.

విశేష మేమనగా, నడుమ నున్నను మెనెహూనే ఎవ్వరికిని వంతు నిర్ణయింపలేదు. ఎవరికి తోచినపుడు వారు పంపవచ్చును. రెండు కట్టలు ఢీకొన్నచో రెండును చెడును. అందినట్లు కబురు రానియెడల, ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క వ్యవధి ఆగి మరల పంపును. ఇరువురును సమానముగా ఆగినచో మరల ఢీకొందురు గదా! ఈ స్వేచ్ఛకు మూల్యము లేకపోలేదు. మార్గపు శక్తిలో 18 శాతమునకు మించి వినియోగింప వీలుకాదని గణితము తేల్చినది. 1972లో లారెన్స్ రాబర్ట్స్ కాలమును సమభాగములుగా విభజించి, ప్రతి భాగపు ఆరంభముననే పంపవలెనని నియమము పెట్టగా అది రెట్టింపయినది.

ఐనను నక్షత్రమున కొక లోపము కలదు. నడిమి కేంద్రము మూగవోయినచో అందరును మూగవోవుదురు. అమెరికా రక్షణశాఖ 1970 దశకమున శాన్ ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతమున మరియొక రూపమును పరీక్షించెను. అందు కొండలపై నిలిపిన రేడియో పరికరములు ఒకదాని కట్టను మరియొకటి అందుకొని ముందుకు పంపెను. తొలుత ఈ మార్గముల నన్నింటిని ఒక కేంద్రమే లెక్కించెడిది. యుద్ధరంగమున ఒక్క దెబ్బకు కూలగల కేంద్రము ననుసరించుట క్షేమము కాదు. కావున తరువాత ప్రతి పరికరమును తన పొరుగువారిని తానే గుర్తించి దారి వెదకుకొనునట్లు మార్చిరి.

1997లో వెలువడిన నిస్తంత్రి వలల ప్రమాణము కేంద్రము గల రూపమును, కేంద్రము లేని రూపమును రెండింటిని అంగీకరించినది. నేడు పెద్ద ఆసుపత్రులలోను, విద్యాలయములలోను వందల ప్రసార పరికరములను ఒక నియంత్రకము ఏలుచున్నది. ఇంజనీరు దాని యెదుట కూర్చుండి కొన్ని ఆజ్ఞాపంక్తులు టైపు చేయును: ఇది తీగతో కలియవలెను, అది పొరుగుదాని ద్వారా రేడియోతో కలియవలెను. కొలది క్షణములలో వల రూపమే మారును.

ఇచ్చటనే పాత చిక్కు మరల యెదురగును. రేడియోతో మాత్రమే కలిసియున్న దూరపు పరికరమునకు ఆజ్ఞ ఆ రేడియో దారిననే పోవలెను. తప్పు పంక్తి యొకటి ఆ దారినే తెంచినచో, సవరించు పంక్తిని పంపుటకు వేరు దారి లేదు. ఎవరైన నిచ్చెన వేసికొని స్తంభ మెక్కవలసినదే. అందుచే అనుభవజ్ఞులు మార్పును మిక్కిలి దూరముననున్న పరికరముతో నారంభించి, క్రమముగా కేంద్రమునకు దగ్గరగా వత్తురు.